భయం తగ్గించే ఉద్యోగం

దిబ్బ కింద, మూడో వరుస, చివరి గది
ఫిబ్రవరి 12

ఒరేయ్ తమ్ముడూ,

చేరాను. ఉత్తరం రాయడానికి వారం పట్టిందని నువ్వు మూతి ముడుచుకునేలోపే చెప్తున్నా. ఇక్కడ ఫోను ఒక్కటే ఉంది. అది సంక్షేమం ఆఫీసరు బల్ల మీద ఉంది. ఆయన చెవులు దానికంటే పెద్దవి. కాబట్టి ఇకమీదట మనకు ఉత్తరాలే దిక్కు.

గనిలోంచి తవ్విన పనికిరాని మట్టీ రాయీ లారీల్లో తెచ్చి ఒకచోట పోస్తారు. పాతికేళ్ళుగా పోస్తున్నారు. దాన్ని అందరూ దిబ్బ అంటారు. దిబ్బ అనగానే మన వెనక వీధి చెత్తకుప్ప అనుకునేవు, ఇది ఏడంతస్తుల మేడంత ఉంది. దాని కాళ్ళ దగ్గర నాలుగు వరుసల్లో అరవై రెండు కంపెనీ ఇళ్ళు. నా గది కిటికీ తెరిస్తే ఆకాశం కనిపించదు, దిబ్బే కనిపిస్తుంది.

కిందటేడు వానల్లో దిబ్బ అంచు కాస్త జారి మొదటి వరుస పెరళ్ళలోకి మట్టి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అప్పట్నుంచి వాన పడితే చాలు, సగంమంది పనికి ఎగనామం పెడుతున్నారట. అందుకే నన్ను తెచ్చారు. నా నియామకం కాగితంలో 'నివాసితుల భయం తగ్గించుట' అని ఉంది. ఇన్నేళ్ళు చదివిన సామూహిక మనస్తత్వ శాస్త్రానికి మొదటిసారి ఒకరు జీతం ఇస్తున్నారు, నువ్వు నవ్వినా నాకు పట్టదు.

వీళ్ళ అలవాట్లు చూస్తే జాలేస్తుంది. దిబ్బ అడుగున గూటాలు పాతి ఒక తాడు కట్టారు. తూటాల తాత అని ఒకాయన ఉన్నాడు. గనిలో ముప్ఫై ఏళ్ళు రాయి పేల్చిన మనిషి, ఇప్పుడు కంపెనీ సైకిల్ స్టాండు దగ్గర కూర్చుంటాడు. ఒంటరివాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ తాడు పట్టి చూస్తాడు. బిగుసుకుంటే దిబ్బ జరిగినట్టట. వాన పడే రోజుల్లో వరుసకొకరు వంతులేసుకుని కుర్చీ వేసుకుని దిబ్బకేసి చూస్తూ కూర్చుంటారు. మురుగుకాలవలో నీళ్ళ రంగు చూస్తారు. పిల్లల్ని బూట్లు తొడిగి పడుకోబెడతారు.

వీటిని మా శాస్త్రంలో రక్షణ చేష్టలంటాం. మనిషి భయపడి ఒక పని చేస్తాడు. ఏమీ జరగదు. తాను ఆ పని చేయబట్టే జరగలేదనుకుంటాడు. అది మాన్పిస్తే గానీ భయం వదలదు. ప్రతి ఒక్కర్నీ పదికి ఎంత భయమని అడిగాను. సగటు ఎనిమిది వచ్చింది. మొదటి వరుసలో బట్టలు కుట్టే టైలరమ్మ మాత్రం మొహం మీదే చెప్పింది, "పదికి పది. రాసుకోండి. ఇంకేం చేస్తారు?" అని.

నాకూ మూడు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదనుకో. ఎవరికీ చెప్పకు.

అక్క


నగరం, అనుమతుల ఆఫీసు, వెనక గది
ఫిబ్రవరి 27

అక్కా,

నువ్వు భయం పోగొట్టడంలో ఆరితేరినదానివని నాకు తెలియదా? చిన్నప్పుడు మెట్ల కింద గదిలోకి వెళ్ళాలంటే నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. నువ్వు చెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్ళి, "చూడు, ఏముంది? ఏమీ లేదు" అన్నావు. కంపెనీ వాళ్ళు ఇప్పుడు జీతం ఇస్తున్నారు. నేను అప్పుడే ఉచితంగా సేవ చేయించుకున్నాను.

నా సంగతి మామూలే. గనులకు అనుమతులిచ్చే ఆఫీసులో కాగితాలకు పేజీ నంబర్లు వేసి ముద్ర కొట్టడం. మీ కంపెనీ ఫైలు కూడా మా బీరువాలోనే ఉంది. నువ్వు రాశావని తీసి చూశాను. అదీ ఒక దిబ్బే, లేపితే నడుం పట్టింది.

ఆ టైలరమ్మను జాగ్రత్తగా చూసుకో. పదికి పది తెచ్చుకున్నవాళ్ళు మన వంశంలో ఎవరూ లేరు.

ఆరోగ్యం చూసుకో. కిటికీ వైపు కాకుండా అవతలి గోడ వైపు పడుకో.

తమ్ముడు


దిబ్బ కింద
ఏప్రిల్ 9

ఒరేయ్ ముద్రలవారూ,

మీ అక్క గెలిచింది. సగటు ఎనిమిది నుంచి మూడుకు దిగింది.

ఎలాగో చెప్తా విను. వారానికి రెండుసార్లు పాత రేషన్ గదిలో అందర్నీ కూర్చోబెడుతున్నాను. కళ్ళు మూసుకుని ఊపిరి నాలుగంకెలు లోపలికి, ఆరంకెలు బయటికి. "దిబ్బ కదులుతోంది అనిపిస్తే, అది ఒక ఆలోచన మాత్రమే, ఆలోచన మట్టి కాదు" అని అందరిచేతా అనిపిస్తాను. తర్వాత ఒక్కొక్క అలవాటే వదిలించాను. మొదట పిల్లల బూట్లు. తర్వాత కుర్చీల కాపలా. చివరికి తాడు.

తాడు దగ్గర తాత చాలా పేచీ పెట్టాడు. నెల రోజులు బతిమాలాను. ఒకరోజు ఆయనే గూటాలు పీకి తాడు చుట్ట చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. వారం పోయాక సైకిల్ స్టాండు దగ్గర కనిపించి, "అమ్మాయ్, రాత్రి తెల్లవార్లూ నిద్రపోయానమ్మా. మా ఆవిడ పోయాక ఇదే మొదలు" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఈ చదువు చదివినందుకు సిగ్గుపడకుండా ఉన్న రోజు అదొక్కటే.

టైలరమ్మ ఒక్కతే లొంగలేదు. మూడు వారాలొచ్చి మానేసింది. "కళ్ళు మూసుకుంటే కొలతలు తప్పుతాయండీ" అని వెళ్ళిపోయింది. ఆవిడ పేరు పక్కన 'మెరుగుదల లేదు' అని రాసుకున్నాను. మిగతావాళ్ళు ఇప్పుడు ఆవిడను చూసి చెవిలో గుసగుసలాడుకుంటున్నారు, డాక్టరమ్మ కూడా వదిలేసిన కేసని. నేను డాక్టర్ని కాదు మొర్రో అంటే ఎవరూ వినరు.

ఆఫీసరు నా భయం అంకెల పట్టిక చూసి కుర్చీలోంచి లేచి మరీ చెయ్యి కలిపాడు. పనికి రానివాళ్ళే లేరట. పట్టిక నాలుగు కాపీలు సంతకంతో అడిగితే ఇచ్చాను.

మా పెద్ద మేష్టారు మొదటి క్లాసులోనే అనేవారు, ఒక ఊళ్ళో అందరికీ ఒకే బాధ ఉంటే ముందు మనుషుల్ని కాదు, ఊరిని పరీక్ష చేయండని. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎందుకో ఇవాళ ఆ మాట గుర్తొచ్చింది. వదిలెయ్.

అక్క


నగరం
ఏప్రిల్ 30

అక్కా,

ఉత్తరం అందింది. సంతోషం.

ఆ తాడు ఎక్కడ పెట్టావు? పారేయకు. నీ పట్టిక నాలుగు కాపీలు ఎందుకు అడిగారో చెప్పారా? నువ్వు నాలుగో వరుసకు మారడం కుదురుతుందా? లేకపోతే దిబ్బకు అవతల ఊళ్ళో గది దొరకదా? అద్దె నేను పంపుతాను.

వానలకు ముందు ఒక నెల సెలవు పెట్టి ఇక్కడికి రా. ఊరికే అంటున్నా. నిన్ను చూసి చాలా రోజులైంది.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

తమ్ముడు


దిబ్బ కింద
మే 20

తమ్ముడూ,

నీకేమైంది? ఉత్తరమంతా ప్రశ్నలే. ఒక్క వెక్కిరింత లేదు. ఒంట్లో బాగానే ఉందా? నా గది అద్దె నువ్వు కడతాననడం మరీ విడ్డూరం. నా పెళ్ళిచూపులకు రిక్షా డబ్బులు కూడా ఇవ్వని మనిషివి.

నువ్వు మాట తప్పించినా నేను తప్పించలేకపోతున్నాను. పది రోజులుగా దిబ్బ మీదికి లారీలు రెట్టింపయ్యాయి. పొద్దుట ఆరింటికి మొదలై చీకటి పడేదాకా పోస్తూనే ఉన్నాయి. పైన కొత్త అంచు కనిపిస్తోంది. ఇదివరకు పెరట్లోకి మధ్యాహ్నం దాకా ఎండ వచ్చేది, ఇప్పుడు పదకొండింటికే నీడ పడుతోంది. ఆఫీసర్ని అడిగితే, "పై నుంచి అనుమతొచ్చిందమ్మా, ఇంకా ఇరవై మీటర్లు పెంచొచ్చు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో నాకు థాంక్స్ చెప్తున్నట్టు ఉంది. ఎందుకో అర్థం కాలేదు.

మొన్న చిన్న జల్లు పడింది. మురుగుకాలవలో నీళ్ళు ఎర్రగా వచ్చాయి. దిబ్బ అడుగు మట్టి ఎరుపు, అంటే అడుగే కరుగుతోంది. వానాకాలంలో తాతావాళ్ళు చూసేది ఈ రంగునే. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. నా పక్కనుంచి ముగ్గురు ఆడవాళ్ళు బిందెలతో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఒక్కరూ కాలవలోకి చూడలేదు. చూడొద్దని నేర్పింది నేనే.

గదికొచ్చి కళ్ళు మూసుకుని నాలుగంకెలు పీల్చాను, ఆరంకెలు వదిలాను. ఆగలేక కిటికీ తెరిచి మళ్ళీ దిబ్బకేసే చూశాను. నా మందు నాకే పనిచేయలేదు రా. నాకు భయంగా ఉంది. ఎవరితో చెప్పను? ఇక్కడ భయం తగ్గించే మనిషిని నేనొక్కదాన్నే.

నీకు ఏదో తెలుసు. నీళ్ళు నమలకుండా చెప్పు.

అక్క


నగరం
జూన్ 2

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను.

మీ దిబ్బ ఎత్తు పెంచమని కంపెనీ పెట్టిన దరఖాస్తు ఏప్రిల్ మూడో వారంలో నా బల్ల మీదికి వచ్చింది. నివాసితులకు అభ్యంతరం లేదని చూపించాలి, అది నియమం. అక్కడ నీ పట్టిక పెట్టారు. 'నివాసితుల ఆందోళన ఎనిమిది నుంచి మూడుకు తగ్గినది' అని పైన ఎర్ర సిరాతో గీత గీశారు. కింద నీ సంతకం. నాకు గర్వంగా అనిపించింది. పక్క సీటువాడికి చూపించి, ఇది మా అక్కే అన్నాను. ముద్ర కొట్టాను.

అది మాత్రమే అయితే ఇన్నాళ్ళు దాచేవాడిని కాదు. ఫైల్లో అంతకు ముందు సర్వేయరు రాసిన ఒక కాగితం ఉండేది. దిబ్బ అడుగున ఊట ఉంది, మట్టి తడిసి మెత్తబడింది, ఇక మీద ఒక్క లారీ కూడా పోయరాదని. నేను ఫిబ్రవరిలో నీకోసం ఫైలు తీసినప్పుడే చూశాను. చెప్తే నువ్వు భయపడతావని రాయలేదు. ఏప్రిల్లో ఫైలు నా దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితం లేదు. మా సెక్షను పెద్దాయన, "నంబర్లు మళ్ళీ వేసెయ్" అన్నాడు. వేశాను. ఎనభై ఏడు తర్వాత ఎనభై ఎనిమిది అందంగా వచ్చింది. ఎవరికీ అనుమానం రాదు.

ఇద్దరు పిల్లలక్కా నాకు. ఆ మాట చెప్పుకుని నెల రోజులు అన్నం తిన్నాను.

నువ్వు వెంటనే అక్కడినుంచి వచ్చెయ్. ఉత్తరం చూసిన బస్సుకే రా. తిట్టాలంటే ఇక్కడికి వచ్చి తిట్టు.

తమ్ముడు


దిబ్బ కింద
జూన్ 9

తమ్ముడూ,

తిట్టడానికి ఓపిక లేదు. నిన్ను తిట్టే నోటితోనే నన్నూ తిట్టుకోవాలి.

నేను రాను. నేను బస్సెక్కితే ఇక్కడివాళ్ళకు చెప్పేవాళ్ళెవరు?

నీ ఉత్తరం అందిన రోజే రేషన్ గదిలో అందర్నీ పిలిచాను. "దిబ్బ అడుగు తడిసింది. ఇళ్ళు ఖాళీ చేయాలి. నేను చెప్పింది తప్పు. మీ భయమే నిజం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ నన్ను జాలిగా చూశారు. ముందు వరుసలో లారీ డ్రైవరు భార్య లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "కూర్చోండి డాక్టరమ్మా. కళ్ళు మూసుకోండి. అది ఆలోచన మాత్రమే. ఆలోచన మట్టి కాదు" అంది. వెనకనుంచి నలభై మంది నాకోసం ఊపిరి లెక్క పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వాళ్ళ మొహాలు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో తెలుసా? నా జన్మలో అంత భయపడింది లేదు.

మెట్ల కింద గదిలో నిజంగా ఏమీ లేదు రా. అందుకే నిన్ను లాక్కెళ్ళగలిగాను. ఇక్కడ ఉందో లేదో చూడకుండానే వీళ్ళనీ లాక్కెళ్ళాను. మేష్టారు చెప్పింది అదే. మనిషిని ఇంటికి తగ్గట్టు సర్దడం తేలిక, ఇంటిని మనిషికి తగ్గట్టు మార్చడం కష్టం. నేను తేలికది ఎంచుకుని దానికి పట్టిక గీశాను.

మర్నాడు టైలరమ్మ ఇంటికెళ్ళాను. మిషను ఆపలేదు. నేను నిలబడే ఉన్నాను. చివరికి దారం తెంపి, సొరుగులోంచి బట్టల కొలతల పుస్తకం తీసి నా ముందు పడేసింది. ఛాతీ, నడుము, చెయ్యి పొడవు అన్న వరుసల మధ్య, ప్రతి సోమవారం ఒక వరుస ఉంది. దాని పేరు 'గోడ'. వెనక గోడ పగులును టేపుతో కొలిచి రాసింది. జనవరిలో నూలుపోగంత. మేలో చిటికెన వేలంత. పెరటి గుమ్మం నుంచి దిబ్బ అడుగు దాకా కిందటేడు పదకొండు గజాలు. ఇప్పుడు పది గజాలు, ఒక జానెడు.

"ఇదంతా ఎవరికైనా చూపించావా?" అన్నాను.

"ఎవరికి చూపించను? పిచ్చిదాని పుస్తకం ఎవరు చూస్తారు?" అంది. "నా మాట చెల్లకుండా చేసింది మీరు. ఇప్పుడు నలుగురిలో నా పక్కన నిలబడి, ఈవిడకు ఏ జబ్బూ లేదు, తప్పు నాదేనని చెప్పండి. చెప్తే పుస్తకం పట్టుకుని వస్తా."

ఆ సర్వేయరు కాగితం నకలు ఎలాగైనా సంపాదించు. నీ పెద్దాయన సంగతి తర్వాత చూద్దాం.

అక్క


నగరం
జూన్ 14

అక్కా,

నకలు దీంతో పంపుతున్నాను. సర్వేయరు తన దగ్గర ఒకటి దాచుకున్నాడు. ఇంటికెళ్ళి అడిగితే తలుపు సగమే తెరిచి, చేతిలో పెట్టి మూసేశాడు. ఆయన కూడా నాలాగే వణికి ఛస్తున్నాడు.

నేను నంబర్లు మార్చానని కాగితం రాసి మా ఆఫీసులో పై అధికారికి ఇచ్చాను. నిన్ననే సస్పెండ్ చేశారు. నీ మరదలు టీ తెచ్చి పక్కన కూర్చుంది.

ఇక్కడ రెండు రోజులుగా వాన. అక్కడ పడుతోందా? ఒక్క ముక్క రాయి.

తమ్ముడు


లారీ షెడ్డు
జూన్ 21

తమ్ముడూ,

పైన చిరునామా చూశావుగా. బయటికొచ్చేశాం. అందరం. ఒక్కరు తప్ప.

పదహారో తారీఖున మళ్ళీ మీటింగు పెట్టాను. టైలరమ్మ పక్కన నిలబడ్డాను. ఆవిడకు జబ్బు లేదని, జబ్బున్నట్టు రాసింది నేనేనని చెప్పాను. నీ కాగితం చదివాను. నా పట్టిక కంపెనీకి ఎలా పనికొచ్చిందో కూడా చెప్పాను. కాగితం చేతులు మారి వెనక దాకా వెళ్ళింది. తర్వాత ఒకావిడ లేచి, "మరైతే నాలుగు నెలలు మాచేత ఊపిరెందుకు లెక్కపెట్టించావే?" అని అరిచింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. లోడింగు పనివాడొకడు, "వెళ్ళిపోతే ఉద్యోగాలు పోతాయి, ఈవిడకేం, రేపు ఇంకో ఊరు పోతుంది" అన్నాడు. అందులో అబద్ధమేముంది?

నేను చెప్తే మళ్ళీ నా మాట నమ్మడమే అవుతుందని నోరు మూసుకున్నాను. టైలరమ్మ టేపు తీసి, "రండి, మీ మీ గోడలు మీరే చూసుకోండి" అంది. మిట్టమధ్యాహ్నం, జనమంతా వెంట. మొదటి వరుస మొదటి ఇంటినుంచి మొదలుపెట్టారు. ప్రతి ఇంటి పగులు కొలిచి తలుపు మీద సుద్దముక్కతో రాశారు. రెండో వరుసకొచ్చేసరికి టేపు వేరేవాళ్ళ చేతిలో ఉంది. నాలుగో వరుస దాటేసరికి ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. దిబ్బకు దగ్గరున్న తలుపుల మీద అంకెలు పెద్దవి, దూరమయ్యేకొద్దీ చిన్నవి. అరిచిన ఆవిడే మొదట చాప చుట్టింది.

ఇద్దరం ముగ్గురం పోతే ఉద్యోగాలు తీసేస్తారు, అరవై రెండిళ్ళు ఒక్కసారి కదిలితే ఎవర్ని తీస్తారని డ్రైవర్లే అన్నారు. లారీలు పక్కన పెట్టేసి, దిబ్బ మీద ఒక్క తట్ట మట్టి కూడా పోసేది లేదన్నారు. అందరం కంపెనీ లారీ షెడ్డు ఆక్రమించాం. కొలతల పుస్తకం మా చేతిలో ఉండాలి, మేం ఆపమంటే మట్టి పోయడం ఆగాలి అని డిమాండు రాశారు. ఆ కాగితంలో నా అక్షరం ఒక్కటి కూడా లేదు. ఆఫీసరు వచ్చి, "ఏదీ, పడిందా దిబ్బ?" అని రోజూ వెక్కిరించి పోతున్నాడు.

పడకపోతే ఇంకో వారానికి వీళ్ళు తిరిగి వెళ్ళిపోతారేమోనని భయం. పడితే అక్కడ తాత ఉన్నాడు.

రాలేదు రా ఆయన. రోజుకు రెండుసార్లు వెళ్ళి బతిమాలుతున్నాను. మొదటి వరుసలో గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, దిబ్బకు వీపు పెట్టి కూర్చుంటున్నాడు. నిన్న ఇలా అన్నాడు. "అమ్మాయ్, ముప్ఫై ఏళ్ళు తూటా పెట్టి పరుగెత్తాను. పదేళ్ళు తాడు పట్టుకు చూశాను. నీ పుణ్యమా అని ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నా. ఆ షెడ్డుకొస్తే మళ్ళీ భయపడాలి. నావల్ల కాదు తల్లీ. ఇచ్చింది మళ్ళీ లాక్కోకు."

చేతులు పట్టుకుని లాగాను. నవ్వి విడిపించుకున్నాడు. రేపు నలుగురు కుర్రాళ్ళను తీసుకెళ్ళి మోసుకొచ్చేస్తాం. ఆయన తిట్టినా సరే.

వాన తగ్గడం లేదు.

అక్క


నగరం
జూన్ 24

అక్కా,

మొన్న మధ్యాహ్నం వార్తల్లో చెప్పారు. దిబ్బ జారింది, నాలుగు వరుసలూ మట్టి కింద ఉన్నాయి, ఒక మరణం అన్నారు. ఎవరో చెప్పలేదు. నీ ఉత్తరం ఇవాళే అందింది, రోజుకు రెండుసార్లు అక్కడికి వెళ్తున్నానని రాశావు. మీ ఆఫీసరు ఫోను మోగుతోంది, ఎవరూ తీయడం లేదు. బస్సులు ఆపేశారు.

ఈ ఉత్తరం ఎవరి చేతికందినా దయచేసి ఒక్క ముక్క రాయండి.

తమ్ముడు


లారీ షెడ్డు
సెప్టెంబరు 18

తమ్ముడూ,

నీ విచారణ వచ్చే వారమని రాశావు. నిద్ర పట్టడం లేదన్నావు. నాది ఇవాళ అయింది. నువ్వు ధైర్యం తెచ్చుకుంటావని వెంటనే రాస్తున్నాను. ధైర్యం అంటే భయం లేకపోవడమని ఇదివరకు నీకు చెప్పి ఉంటాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు ఇవాళ చచ్చేంత భయం వేసింది, అయినా వెళ్ళాను.

జూన్ ఇరవై రెండు సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. నలుగురు కుర్రాళ్ళతో బయల్దేరాను. పదకొండైంది. రెండో వరుస మలుపు దగ్గర ఉన్నాం. చప్పుడేమీ పెద్దగా రాలేదు. దిబ్బ పై అంచు మెల్లగా వంగింది, అంతే. కుర్రాళ్ళు నన్ను వెనక్కి ఈడ్చుకొచ్చారు. తాత కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

తర్వాత కంపెనీ నాకో ఉత్తరం రాసింది. నా శిక్షణ వల్లనే జనం తొక్కిసలాట లేకుండా క్రమంగా ఖాళీ చేశారట. తమకున్న మిగతా ఆరు దిబ్బల దగ్గర కూడా ఇదే కార్యక్రమం నడపమని, జీతం రెట్టింపని. ఆ ఉత్తరం ఈ ప్రమాదం మీద వేసిన విచారణ సంఘానికి ఇచ్చేశాను. ఆరు దిబ్బల దగ్గరికీ వెళ్తాను. కానీ టైలరమ్మతో, టేపుతో వెళ్తాను. ఆవిడ ఒప్పుకుంది. ఊపిరి మాటెత్తితే బస్సులోంచి తోసేస్తానంది.

విచారణ బడి హాల్లో జరిగింది. అరవై ఒక్క ఇళ్ళవాళ్ళూ వచ్చి నేల మీద కూర్చున్నారు. కంపెనీ వకీలు నా పట్టిక పైకెత్తి చూపించి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. నివాసితుల భయం తగ్గిందని మీరు రాశారు, అది నిజమా, అబద్ధమా అని. అబద్ధమంటే నేను మోసగత్తెను. నిజమంటే కంపెనీ తప్పేమీ లేదు. రెండు వైపులా గొయ్యి తవ్వి నవ్వుతూ నిలబడ్డాడు. టైలరమ్మ వైపు చూశాను. ఆవిడ నాకేసి చూడలేదు, తన చేతులకేసి చూసుకుంటోంది.

"నిజమే" అన్నాను. "ఇక్కడ కూర్చున్నవాళ్ళకు కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గింది ఒక్క మనిషికే. ఆయన ఇవాళ రాలేదు."

అక్క